కంప్యూటరు వ్రాసే ఉత్తరం

కృష్ణ, తుంగభద్ర నదులు కలిసే చోట కూడవెల్లి అనే గ్రామంలో సంగమేశ్వరాలయం అనే పురాతనమైన ఆలయం ఉండేది. శ్రీశైలం జలాశయం నిండితే ఆ ఆలయం నీట మునిగిపోతుంది. అందువల్ల దానిని విప్పి, రాళ్ళను అలంపురానికి చేర్చి, అక్కడ మళ్ళీ కట్టారు. అలంపురం వెళితే ఆ ఆలయాన్ని ఇప్పుడు కూడా మీరు చూడవచ్చు.

ఒక్క నిమిషం ఆలోచించండి. రాళ్ళను లారీలలో వేసి పంపినంత మాత్రాన ఆలయం వెళ్ళినట్లవుతుందా? కాదు. లారీలో ఉన్నవి రాళ్ళే గాని ఆలయం కాదు. ఏ రాయి ఏ వరుసలోనిది, దాని ప్రక్కన ఏది, దాని పైన ఏది అనే సమాచారం కూడా రాళ్ళతోపాటు వెళ్ళాలి. అందుకే ఇటువంటి పనులలో విప్పడానికి ముందే రాళ్ళమీద సంఖ్యలు వేస్తారు. అవే సంఖ్యలను పటంలోనూ గుర్తిస్తారు. ఆ గుర్తులు లేకపోతే అవతలి ఒడ్డున మిగిలేది రాళ్ళగుట్ట మాత్రమే.

కంప్యూటర్లు కూడా ఇటువంటి పనినే ప్రతి క్షణం చేస్తున్నాయి. ఒక కంప్యూటరులో ఉన్న సమాచారం మరొక కంప్యూటరుకు వెళ్ళాలంటే, ముందు దాని కట్టడాన్ని విప్పి, గుర్తులతో సహా ఒక పొడుగాటి అక్షరాల వరుసగా మార్చాలి. అవతలి కంప్యూటరు ఆ వరుసను చదివి కట్టడాన్ని తిరిగి నిలబెడుతుంది. ఈ పనిని సీరియలైజేషన్ అంటారు. అంటే వరుసగా పేర్చడం అన్నమాట. అయితే ఒక్క తేడా ఉంది. ఆలయం విషయంలో పాతచోట ఏమీ మిగలలేదు. కంప్యూటరు విషయంలో అసలు అక్కడే ఉంటుంది. వెళ్ళేది దాని నకలు. కనుక దీన్ని మూటకట్టి పంపడం అనేకంటే ఉత్తరం వ్రాసి పంపడం అంటే సరిగా ఉంటుంది.

ఆ ఉత్తరం ఎలా వ్రాస్తారు? అందులో ఏమేమి పొరపాట్లు జరగవచ్చు? ఇప్పుడు చూద్దాం.

మెమరీలో ఏముంటుంది?

కంప్యూటరు మెమరీని పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గళ్ళ బీరువాలాగా ఊహించుకోండి. ప్రతి గడికీ ఒక సంఖ్య ఉంటుంది. గడిలో చిన్న విలువ ఒకటి పడుతుంది. పెద్ద విలువలకు వరుసగా కొన్ని గళ్ళు కావాలి.

ఒక పాఠశాల ప్రోగ్రాములో లక్ష్మి అనే విద్యార్థిని వివరాలు ఉన్నాయనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం గల ఇటువంటి వివరాల సమూహాన్ని ఆబ్జెక్టు, అంటే వస్తువు, అంటారు. బీరువాలో ఆ వస్తువు సుమారుగా ఇలా ఉంటుంది:

1200వ గడి: పేరు 5040వ గడి నుంచి ఉంది
1208వ గడి: తరగతి 9
1216వ గడి: మార్కులు 7300వ గడి నుంచి ఉన్నాయి
1224వ గడి: ఆటలు 8112వ గడి నుంచి ఉన్నాయి

చూశారా! వస్తువు ఒక్కచోట లేదు. ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో ఉంది. ఆ ముక్కలను కలిపి ఉంచుతున్నవి గళ్ళ సంఖ్యలే.

మరి ఈ నాలుగు గళ్ళలో ఉన్నదాన్ని ఉన్నట్లే మరొక కంప్యూటరుకు పంపితే ఏమవుతుంది? అది "పేరు 5040వ గడిలో ఉంది" అని చదువుకుని, తన 5040వ గడిని తెరుస్తుంది. అక్కడ ఎవరి పాటో, ఏ బొమ్మ రంగో ఉంటుంది గాని లక్ష్మి పేరు ఉండదు! "మా ఇంట్లో మూడో అరలో ఉంది, తీసుకో" అని ప్రక్క ఊరి మిత్రునికి ఉత్తరం వ్రాసినట్లు ఉంటుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక గడిలో, అంటే ఒక బైటులో, 0 నుంచి 255 వరకే పడుతుంది. 1000ని దాచాలంటే రెండు బైట్లు కావాలి. 1000 అంటే 3 × 256 + 232. కనుక 3, 232 అని రెండు గళ్ళలో వ్రాయవచ్చు. కొన్ని యంత్రాలు అలాగే వ్రాస్తాయి. మరికొన్ని చిన్న భాగాన్ని ముందు పెట్టి 232, 3 అని వ్రాస్తాయి. ఒక పద్ధతిలో వ్రాసినదాన్ని రెండో పద్ధతిలో చదివితే 232 × 256 + 3, అంటే 59395 వస్తుంది. వెయ్యి రూపాయలు యాభైతొమ్మిది వేలు దాటిపోయాయి!

ఈ రెండు చిక్కులకూ ఒక మంచి ఉపాయం, విలువలను మనం కాగితంమీద వ్రాసినట్లే అక్షరాలలో, అంకెలలో వ్రాసి పంపడం. 1000 అని నాలుగు అంకెలు వరుసగా వ్రాస్తే ఏ యంత్రానికైనా అది వెయ్యే.

ఉత్తరం వ్రాసే పద్ధతి

అక్షరాలలో వ్రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. 1969లో ఐబీఎం సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు, వ్రాతలోని ప్రతి భాగానికీ అదేమిటో తెలిపే పేరు తగిలించే భాషను రూపొందించారు. ఆ మార్గంలోనే 1986లో ఎస్‌జీఎంఎల్, 1998లో ఎక్స్‌ఎంఎల్ అనే ప్రమాణాలు వచ్చాయి. ఎక్స్‌ఎంఎల్‌లో లక్ష్మి పేరును ఇలా వ్రాస్తారు:

<పేరు>లక్ష్మి</పేరు>

ముందు తలుపు తెరిచే గుర్తు, వెనుక తలుపు మూసే గుర్తు. ప్రతి పేరూ రెండుసార్లు వ్రాయాలి కనుక ఉత్తరం పొడవవుతుంది.

2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్, జావాస్క్రిప్టు భాషలో అప్పటికే ఉన్న ఒక చిన్న పద్ధతిని తీసుకుని దానికి జేసన్ అనే పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. తాను దాన్ని కనిపెట్టలేదనీ, ఉన్నదాన్ని గుర్తించాననీ ఆయనే చెప్పుకున్నారు. ఇప్పుడు ఫోనులో వాతావరణం చూసినా, బస్సు టిక్కెట్టు కొన్నా, తెరవెనుక తరచుగా నడిచేవి జేసన్ ఉత్తరాలే. లక్ష్మి వివరాలు జేసన్‌లో ఇలా ఉంటాయి:

{
  "పేరు": "లక్ష్మి",
  "తరగతి": 9,
  "మార్కులు": {"తెలుగు": 78, "గణితం": 91, "సామాన్యశాస్త్రం": 84},
  "ఆటలు": ["కబడ్డీ", "ఖోఖో"]
}

గళ్ళ సంఖ్య ఒక్కటి కూడా లేదు, గమనించారా? "7300వ గడిలో ఉంది" అని చెప్పడానికి బదులు, ఆ గడిలో ఉన్నదాన్నే తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఇదే ఈ పద్ధతికంతటికీ కీలకం.

దీన్ని వ్రాసే ప్రోగ్రాముకు కావలసిన నియమాలు కొన్నే:

1. విలువ సంఖ్య అయితే, దాని అంకెలు వ్రాయి.

2. విలువ మాట అయితే, కొటేషను గుర్తుల మధ్య వ్రాయి.

3. విలువ పేర్లుగల వివరాల సమూహమైతే, { గుర్తు వేయి. ఒక్కొక్క పేరూ వ్రాసి, రెండు చుక్కలు పెట్టి, దాని విలువను ఇవే నియమాల ప్రకారం వ్రాయి. మధ్యలో కామాలు పెట్టు. చివర } వేయి.

4. విలువ వరుస జాబితా అయితే, [ గుర్తు వేయి. ఒక్కొక్క విలువనూ ఇవే నియమాల ప్రకారం వ్రాయి. మధ్యలో కామాలు పెట్టు. చివర ] వేయి.

ఇవి కాక అవును, కాదు, ఏమీ లేదు అని చెప్పడానికి ట్రూ, ఫాల్స్, నల్ అనే మూడు మాటలున్నాయి. అంతే!

"ఇవే నియమాల ప్రకారం" అన్నమాటను మరొకసారి చదవండి. సమూహంలో సమూహం, దానిలో మరొక సమూహం ఎంత లోతుగా ఉన్నా కొత్త నియమం అక్కరలేదు. ఉన్న నియమమే తనను తాను పిలుచుకుంటూ లోపలికి దిగి, పని పూర్తికాగానే పైకి వస్తుంది. దీన్ని రికర్షన్ అంటారు.

మరి పేరులోనే కొటేషను గుర్తు ఉంటే? మాట అక్కడితో ముగిసిందని చదివే యంత్రం పొరబడుతుంది. అందుకని అటువంటి గుర్తుకు ముందు \ అనే వాలు గీత పెడతారు. "దీని తరువాతి గుర్తు మాటలోనిదే, ముగింపు కాదు" అని దాని అర్థం.

తెలుగు అక్షరాల సంగతేమిటని మీరు అడగవచ్చు. యూనికోడు అనే ప్రపంచ ప్రమాణంలో, వాడుకలో ఉన్న దాదాపు అన్ని లిపుల గుర్తులకూ ఒక్కొక్క సంఖ్య ఉంది. మన 'అ' సంఖ్య 3077. అది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో 224, 176, 133 అనే మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది. లక్ష్మి అనే మాట మనకు రెండక్షరాలే. కాని ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులుగా విడిపోయి, మొత్తం 21 బైట్లు అవుతుంది.

ఉత్తరం చదివే పద్ధతి

చదివే కంప్యూటరు వస్తువునంతటినీ ఒక్క చూపులో చూడలేదు. ఒక్కొక్క గుర్తునే వరుసగా చదువుతుంది. మరి తాను ఏ సమూహంలో ఉన్నదీ దానికెలా తెలుస్తుంది?

భోజనాల దగ్గర కంచాల దొంతరను చూశారు కదా. చివర పెట్టిన కంచాన్నే ముందు తీస్తాం. కంప్యూటరు కూడా అటువంటి దొంతరనే వాడుతుంది. తెరిచే బ్రాకెట్టు కనబడితే దొంతరపై ఒక కంచం పెడుతుంది. మూసే బ్రాకెట్టు కనబడితే పై కంచాన్ని తీస్తుంది.

లక్ష్మి ఉత్తరాన్నే తీసుకోండి. మొదటి { చూడగానే దొంతరలో 1. "మార్కులు" తరువాత మరొక { వచ్చింది; ఇప్పుడు 2. సామాన్యశాస్త్రం మార్కుల తరువాత } వచ్చింది; మళ్ళీ 1. ఆటల దగ్గర [ వచ్చింది, 2. ] వచ్చింది, 1. చివరి } రాగానే 0. దొంతర ఖాళీ అయింది, ఉత్తరమూ పూర్తయింది.

ఈలోగా చదివిన విలువలన్నిటికీ తన మెమరీలో ఖాళీగా ఉన్న గళ్ళు చూసి చోటు ఇస్తుంది. పేరు 31000వ గడిలో పడవచ్చు, మార్కులు 46200వ గడిలో పడవచ్చు. గళ్ళు మారాయి, వాటి మధ్య సంబంధాలు మారలేదు.

ఉత్తరం పూర్తయినా దొంతరలో కంచం మిగిలిపోతే? ఎక్కడో ఒక బ్రాకెట్టు మూయలేదన్నమాట. { తో తెరిచినదాన్ని ] తో మూస్తే? అదీ తప్పే. అటువంటి ఉత్తరాన్ని కంప్యూటరు స్వీకరించదు. ఇది మంచిదే. తప్పు వెంటనే బయటపడుతుంది కనుక దిద్దుకోవచ్చు. బయటపడని తప్పులతోనే అసలు ప్రమాదం!

ఉత్తరంలో జారిపోయేవి

వ్రాసినదే వెళుతుంది. వ్రాయనిది వెళ్ళదు. ఈ చిన్న సూత్రం మరిచిపోతే ఎన్ని చిక్కులు వస్తాయో చూడండి.

హైదరాబాదు ఎస్.టి.డి. కోడు 040. దీన్ని సంఖ్యగా దాచుకుంటే ముందున్న సున్న పోయి 40 మిగులుతుంది, ఎందుకంటే సంఖ్యగా రెండూ ఒకటే. అసలు జేసన్‌లో సంఖ్యకు ముందు వట్టి సున్న వ్రాయడమే తప్పు. ఫోను కోడుతో మనం కూడికలు, తీసివేతలు చేయం కదా! అది చూడడానికి సంఖ్యలా ఉన్నా నిజానికి పేరు వంటిది. కనుక "040" అని కొటేషనులో వ్రాయాలి.

05-06-2024 అనే తేదీ చూడండి. మన దేశంలో అది జూన్ 5. అమెరికాలో మే 6. జేసన్‌లో తేదీ అనే రకం విలువ లేదు. అందుకే సంవత్సరం, నెల, రోజు ఈ వరుసలోనే ఉండాలన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం "2024-06-05" అని వ్రాయడం మంచిది.

చాలా పెద్ద సంఖ్యలతో మరొక తంటా ఉంది. చాలా ప్రోగ్రాములు సంఖ్యను 64 ద్వైదీయ స్థానాలలో దాస్తాయి. వాటిలో కొన్ని స్థానాలు గుర్తుకూ ఘాతానికీ పోగా, అంకెలకు 53 స్థానాల ఖచ్చితత్వమే దొరుకుతుంది. 2 ను 53 సార్లు హెచ్చిస్తే 9007199254740992 వస్తుంది. దానికి ఒకటి కలిపి, చివర 993 వచ్చేలా వ్రాసి పంపితే, అటువంటి ప్రోగ్రాము 992 అనే చదువుకుంటుంది. 2010లో ట్విట్టర్ సంస్థ (ఇప్పటి ఎక్స్) తన సందేశాల క్రమసంఖ్యలు ఇంత పెద్దవవుతున్నందున, ప్రతి క్రమసంఖ్యనూ ఒకసారి సంఖ్యగానూ మరొకసారి కొటేషనులో మాటగానూ పంపడం మొదలుపెట్టింది.

ఇక సంబంధాల సంగతి. లక్ష్మికీ, రహీముకూ ఒకే ఉపాధ్యాయుడు అనుకుందాం. మెమరీలో ఆయన వివరాలు ఒక్కచోటే ఉంటాయి. ఇద్దరి వివరాలూ అదే గడిని చూపుతాయి. ఉత్తరంలో మాత్రం ఆయన వివరాలు రెండుసార్లు వ్రాయబడతాయి. అవతలి కంప్యూటరు ఇద్దరు ఉపాధ్యాయులను తయారుచేస్తుంది! అంతేకాదు, ఉపాధ్యాయుని వివరాలలో విద్యార్థుల జాబితా ఉండి, విద్యార్థి వివరాలలో మళ్ళీ ఉపాధ్యాయుడు ఉంటే, మన నాలుగు నియమాలతో వ్రాయడం ఎన్నటికీ పూర్తికాదు. దీనికి విరుగుడు మీకు తోచే ఉంటుంది. సంగమేశ్వరాలయపు రాళ్ళను గుర్తు తెచ్చుకోండి. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, వివరాలు ఒక్కసారే వ్రాసి, మిగిలిన చోట్ల "ఉపాధ్యాయుడు: 12" అని సంఖ్య మాత్రమే వ్రాస్తే సరిపోతుంది.

అంగారకుడి దగ్గర జరిగిన నష్టం

అన్నిటికంటే పెద్ద పాఠాన్ని ఒక అంతరిక్ష నౌక నేర్పింది. 1998 డిసెంబరు 11న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారకుడి వైపు పంపింది. ప్రయాణంలో నౌక నిలకడ కాపాడడానికి చిన్న చిన్న రాకెట్లను అప్పుడప్పుడు మండించేవారు. మండించిన ప్రతిసారీ నౌక దారి రవ్వంత మారుతుంది. ఎంత ప్రచోదనం కలిగిందో భూమిమీద ఒక ప్రోగ్రాము లెక్కకట్టి ఒక ఫైలులో వ్రాసేది. దారిని లెక్కించే బృందపు ప్రోగ్రాము ఆ ఫైలును చదివేది.

ఆ అంకెలు న్యూటన్-సెకనులలో ఉండాలని ముందుగానే వ్రాతపూర్వకంగా నిర్ణయించుకున్నారు. కాని వ్రాసే ప్రోగ్రాము పౌను-సెకనులలో వ్రాసింది. ఒక పౌను బలం అంటే సుమారు 4.45 న్యూటన్లు. కనుక చదివే ప్రోగ్రాము ప్రతి తోపునూ ఉన్నదానిలో నాలుగో వంతుకంటే తక్కువగా లెక్కించింది.

ఇందులో ఒక విచిత్రం చూడండి. మొదటి నాలుగు నెలలు ఆ ఫైళ్ళ అమరికలో తప్పులు ఉన్నందున వాటిని వాడలేకపోయారు. ఆ తప్పులు దొరికాయి, దిద్దారు. అమరిక సరిపోయింది, అంకెలు చక్కగా చదవబడ్డాయి. కాని ఆ అంకెల అర్థంలో ఉన్న తప్పును మాత్రం ఏ యంత్రమూ పట్టుకోలేదు. ఫైలు చూడడానికి నిర్దోషంగానే ఉంది!

1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుణ్ణి చేరింది. ఉపరితలానికి 226 కి.మీ. ఎత్తున వెళ్ళవలసినది, సుమారు 57 కి.మీ. ఎత్తుకు దిగిపోయిందని తరువాత లెక్కల్లో తేలింది. అంత దిగువన వాతావరణంలో అది నిలువలేదు. గ్రహం వెనుకకు వెళ్ళిన నౌక నుంచి మళ్ళీ సంకేతం రాలేదు.

కనుక ఉత్తరం వ్రాసేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. విలువ ఉందా? దాని స్థానం తెలిపే గుర్తు ఉందా? దాని అర్థం, అంటే ఏ కొలతలో ఉన్నదీ, ఏ రకానికి చెందినదీ ఉందా? మొదటి రెండింటినీ యంత్రం సరిచూస్తుంది. మూడవదాన్ని మనుషులే వ్రాయాలి, అవతలి మనుషులతో ఒప్పందం చేసుకోవాలి, అది నిజంగా అమలవుతున్నదో లేదో పరీక్షించాలి. "బరువు": 5 అని వ్రాయడంకంటే "బరువు_కిలోలలో": 5 అని వ్రాయడం ఎంత మేలో మీకు ఇప్పుడు తెలిసింది కదా!

మీరే చేసి చూడండి

1. మీ కుటుంబం వివరాలను, పేర్లు, వయస్సులు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నవాటిని, పై నాలుగు నియమాల ప్రకారం కాగితంమీద వ్రాయండి. ఆ కాగితాన్ని మీ కుటుంబాన్ని ఎరుగని మిత్రునికి ఇచ్చి, వంశవృక్షం గీయమనండి. మీరు నోరు విప్పకూడదు! అతడు ఎక్కడ తడబడితే అక్కడ మీ ఉత్తరంలో ఏదో జారిపోయిందన్నమాట.

2. ఈ క్రింది ఉత్తరంలో మూడు లోపాలున్నాయి. రెండింటిని కంప్యూటరు పట్టుకుంటుంది. మూడవదాన్ని పట్టుకోలేదు. అవేమిటో చెప్పండి.

{"రోగి": "రాము", "ఫోను కోడు": 040, "ఉష్ణోగ్రత": 39, "మందులు": ["మాత్ర", "టానిక్కు"}

జవాబు: 040 కొటేషనులో ఉండాలి. మందుల జాబితాను ] తో మూయలేదు. ఇక మూడవది, ఉష్ణోగ్రత 39 అన్నారు గాని ఏ డిగ్రీలో వ్రాయలేదు. సెంటీగ్రేడు అయితే రాముకు జ్వరం. అంటే సుమారు 102 డిగ్రీల ఫారన్‌హీటు. మీ ఇంటి థర్మామీటరులాగా ఫారన్‌హీటు అనుకుంటే, పాపం, రాము చలికి గడ్డకట్టేటట్లున్నాడు!